వేలిముద్ర నుండి మీట దాకా
(మన సభ ఉగాది సాంస్కృతికోత్సవంలో చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా ఒక మనవి. మాది తల్లి ఒడిలో నేర్చిన తెలుగు కాదు, సాయంకాలపు తరగతిలో నేర్చిన తెలుగు. పగలు ఇంగ్లీషు బడి, సాయంకాలం దీపాల వేళకు తెలుగు పలక. తరువాత పగలు పిల్లలకు లెక్కలు చెప్పి, సాయంకాలం అదే తరగతిలో అక్షరాలు దిద్దించాము. అందుచేత మా మాటలో పుస్తకం వాసన కొంచెం ఎక్కువగా ఉంటుంది. తప్పులుంటే పెద్దలు మన్నించాలి, పిల్లలు నవ్వుకోవచ్చును.

కార్యదర్శిగారు మమ్మల్ని పిలిచి, "ఈసారి పురాణం వద్దు, వంటలు వద్దు, మా పిల్లలు ఏ దేశానికి పోయినా పనికివచ్చే విషయం ఏదైనా చెప్పండి" అన్నారు. అప్పటికి మేము జర్మనీ దేశం నుండి తిరిగి వచ్చి నెల దాటలేదు. అక్కడ స్టుట్‌గార్ట్ నగరంలో మా చెల్లెలి కొడుకు ఇంట్లో మూడు నెలలు ఉన్నాము. ఆ పిల్లవాడి ఉద్యోగం, ఒక మోటారు కంపెనీకి కార్లు అమ్మే వెబ్‌సైటు తయారుచేయడం. కంపెనీ పేరుతో మనకు పని లేదు. ఇంట్లో కూర్చుని, అంగడికి పోకుండా, మనిషి ముఖం చూడకుండా, ఒక మీట నొక్కి కారు కొనే ఏర్పాటు అది. ఆ పనిలో ఒక చిన్న భాగం మాకు కూడా దక్కింది. ఆ కథ చెప్పడానికే మీ ముందు నిలుచున్నాము.

కారు పుట్టిల్లు జర్మనీయే. 1886 జనవరి 29న కార్ల్ బెంజ్ అనే ఇంజనీరు మన్‌హైమ్ పట్టణంలో తన మూడు చక్రాల మోటారు బండికి పేటెంటు కోరాడు. బండి తయారైంది గాని కొనేవాళ్ళు లేరు. గుర్రం లేని బండిని ఎవరు నమ్ముతారు? అప్పుడు 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్, భర్తకు చెప్పకుండా, ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని, మన్‌హైమ్ నుండి ఫోర్ట్‌స్‌హైమ్‌లోని పుట్టింటికి 100 కిలోమీటర్లకు పైగా నడిపించుకుని పోయింది. దారిలో ఇంధనం అయిపోతే వీస్‌లోహ్ అనే ఊరిలో మందుల షాపులో కొన్నది. గొట్టం మూసుకుపోతే టోపీకి పెట్టుకునే సూదితో పొడిచి తెరిచింది. బ్రేకు అరిగిపోతే చెప్పులు కుట్టేవానిచేత తోలు వేయించింది. పుట్టింటికి పోవాలని పట్టుబట్టిన ఆడది ఏమి చేయగలదో మన ఇళ్ళలో అందరికీ తెలిసినదే!

ఆ ప్రయాణంతో బండి మీద లోకానికి నమ్మకం కలిగింది. కాని అమ్మకం బెంజ్ చేతి మీదుగా మొదలు కాలేదు. పారిస్ నగరంలో ఎమిల్ రోజే అనే వ్యాపారి బెంజ్ యంత్రాలకు ఏజెంటుగా ఉండేవాడు. తొలి రోజుల్లో బెంజ్ బండ్లు ఆయన ద్వారానే అమ్ముడుపోయినవి. అంటే కారు పుట్టిన నాటినుండి చేసేవాడికి, కొనేవాడికి నడుమ ఒక మనిషి ఉన్నాడన్నమాట. ఆ మనిషికి ఇప్పుడు ఏమవుతున్నదో కొంచెం చెప్పాలి.

జర్మనీలో కార్ల దుకాణాన్ని ఆటోహౌస్ అంటారు. వ్యాపారి కంపెనీ దగ్గర కారు కొని, తన సొమ్ముతో అద్దాల గదిలో నిలబెట్టి, తన ధరకు అమ్ముకునేవాడు. బేరం ఉండేది. కాని జర్మనీలో 1933 నాటి చట్టం ఒకటి ఉండేది. దాని ప్రకారం రొక్కం ఇచ్చి కొన్నవారికి నూటికి 3 కంటె ఎక్కువ తగ్గించకూడదు. ఇంటర్‌నెట్ వచ్చిన తరువాత, పొరుగు దేశంవాడు ఆ అడ్డు లేకుండా అమ్ముతుంటే మనవాడికే కట్టు ఎందుకని, 2001లో ఆ చట్టాన్ని రద్దు చేశారు. ఆ తరువాత బేరం బాహాటమైంది. మాటకారికి ఒక ధర, మొగమాటస్తుడికి ఒక ధర.

ఇప్పుడు కంపెనీలు వెబ్‌సైటు మీద ఒకే ధర పెట్టదలచినవి. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. తన సొమ్ముతో కొని అమ్ముకునే స్వతంత్ర వ్యాపారికి "ఈ ధరకే అమ్ము" అని కంపెనీ ఆజ్ఞాపించడానికి యూరపు పోటీ చట్టాలు ఒప్పుకోవు. ఆ వ్యాపారి కేవలం ఏజెంటుగా మారితే, అంటే సరుకు కంపెనీదే, నష్టభయం కంపెనీదే, వ్యాపారికి కమీషను మాత్రమే అయితే, అప్పుడు ధర కంపెనీ నిర్ణయించవచ్చును. అందుచేత వెబ్‌సైటు వెనుకనే ఏజెన్సీ పద్ధతి వచ్చింది. ఫోక్స్‌వాగన్ కంపెనీ 2020లో ఐ.డి.3 అనే విద్యుత్ కారును జర్మనీలో ఆ పద్ధతిలో అమ్మడం మొదలుపెట్టింది. మెర్సిడెస్-బెంజ్ మన దక్షిణాఫ్రికాలోను, స్వీడన్‌లోను, ఆస్ట్రియాలోను ముందు నడిపి, 2021 అక్టోబరులో భారతదేశంలో మొదలుపెట్టి, 2023లో స్వదేశంలోకి తెచ్చింది. ఈ మార్పు అందరికీ రుచించలేదు. ఆస్ట్రేలియాలో మెర్సిడెస్ వ్యాపారులు కోర్టుకు వెళ్ళారు, 2023లో ఓడిపోయారు. కొన్ని ఇతర కంపెనీలు ఈ పద్ధతి తెస్తామని ప్రకటించి తరువాత వెనక్కు తగ్గినవి కూడా.

మా పిల్లవాడి ఇంటి కింది అంతస్తులో ఒక పెద్దాయన ఉన్నాడు. ముప్పయ్యేళ్ళకు పైగా ఆటోహౌస్‌లో కార్లు అమ్మి రిటైరైనవాడు. ఆదివారం కాఫీకి పిలిచేవాడు. మా కోడలు మధ్యన కూర్చుని ఆయన మాట మాకు తెలుగులో, మా మాట ఆయనకు జర్మనులో చెప్పేది. ఆయన అన్నాడు: "ఒకప్పుడు కొత్తగా పెళ్ళైన జంట వస్తే వాళ్ళ చేతిలో ఎంత ఉన్నదో నాకు తెలిసేది. చిన్న కారు చాలును అని పంపేవాడిని. మళ్ళీ పిల్లలు పుట్టాక వచ్చేవారు. వెబ్‌సైటుకు ఆ సంగతి ఎవరు చెబుతారు?" మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. ఇంటికి వచ్చి పిల్లవాడిని అడిగితే, వాడు ఇలా అన్నాడు: "పెద్దమ్మా, ఆయన మంచివాడు. కాని నేను ఈ దేశం వచ్చిన కొత్తలో ఒక దుకాణానికి పోతే, నా రంగు చూసి, నా జర్మను భాష విని, పాత కార్లు వెనుక వైపు ఉన్నాయని చేయి చూపించారు. వెబ్‌సైటుకు నా ముఖం కనబడదు. నాకూ, డాక్టరుగారికీ ఒకటే ధర."

రెండు మాటలూ నిజమే. ముఖం చూసి ధర చెప్పే అంగళ్ళు, ముఖం చూసి తలుపు వేసే అంగళ్ళు మన డర్బన్‌లో చూచినవాళ్ళము మనము. అటువంటి మనకు, ముఖం చూడని అంగడి అంటే మనసులో ఒక చల్లదనం కలుగుతుంది. అయితే ముఖం చూడనివాడు ఇంకేమి చూస్తున్నాడో కూడా అడగాలి. ఆ సంగతికి తరువాత వస్తాము.

ఇక వెబ్‌సైటు ఎలా కడతారు? కార్ల బొమ్మలు పెట్టి, కింద ధర వేస్తే సరిపోతుందని మేము అనుకునేవాళ్ళము. కాదని అక్కడ తెలిసింది.

మొదటిది, కారును ఎంచుకునే పట్టిక. రంగు, చక్రాలు, సీట్లు, దీపాలు, ఇలా వందల అంశాలు ఉంటవి. కాని ఏది దేనితోనైనా కలవదు. ఈ యంత్రానికి ఆ చక్రం పట్టదు, ఆ కప్పుకు ఈ దీపం కుదరదు. ఫ్యాక్టరీ చేయలేని కారును వెబ్‌సైటు అమ్మకూడదు. అందుచేత ఫ్యాక్టరీ నియమాలన్నీ ఆ పట్టిక వెనుక ఉండాలి. మన పెళ్ళి పందిట్లో వంటల జాబితా రాసినట్లే. పులిహోర ఉంటే దానికి తోడు ఏది, పప్పు ఉంటే దానితో ఏది, ఏది రెండుసార్లు రాకూడదు అని పెద్దవాళ్ళకు తెలుసు గదా!

రెండవది, పొగ లెక్క. యూరపులో 2018 సెప్టెంబరు నుండి కొత్త కార్లన్నిటికీ డబ్ల్యు.ఎల్.టి.పి. అనే పరీక్ష పద్ధతి వచ్చింది. దాని ప్రకారం కారు రకానికి ఒక అంకె వేస్తే చాలదు. మీరు ఎంచుకున్న కారు బరువును బట్టి, టైర్లను బట్టి కార్బన్ డయాక్సైడు ఎంతో లెక్క కట్టాలి. జర్మనీలో కారు పన్ను ఆ అంకె మీద కూడా ఆధారపడుతుంది. అంటే పెద్ద చక్రం మీద మోజుపడితే పన్ను కూడా కొంచెం పెరగవచ్చు. ఈ లెక్క అంతా మీరు వేలు కదిపినంత సేపట్లో తెర మీదికి రావాలి.

మూడవది, కాగితాలు. కారు రోడ్డు మీదికి రావాలంటే భీమా ఉన్నదని చెప్పే ఏడక్షరాల ఎలక్ట్రానిక్ సంకేతం ఒకటి కావాలి. తరువాత ప్రభుత్వ కార్యాలయంలో రిజిస్ట్రేషను. జర్మనీవారు ఈ పనిని మెట్టు మెట్టుగా ఇంటర్‌నెట్‌లోకి తెచ్చారు. 2015 జనవరిలో మొదటి మెట్టు, కారును పట్టికనుండి తీసివేయడం మాత్రమే. 2019 అక్టోబరులో కొత్త కారు రిజిస్ట్రేషను. 2023 సెప్టెంబరు 1న నాలుగవ మెట్టు. ఇప్పుడు ఇంట్లో కూర్చుని రిజిస్టరు చేసుకుని, అసలు పత్రాలు టపాలో వచ్చేదాకా 10 రోజులు తాత్కాలిక పత్రంతో వెంటనే నడపవచ్చు. గుర్తింపు కార్డులో చిప్పు ఉంటుంది, దానితో తానే తానని రుజువు చేసుకోవాలి. ఇంత పకడ్బందీ దేశంలో కూడా ఇందుకు ఎనిమిదేళ్ళకు పైగా పట్టిందంటే పని ఎంత చిక్కో ఊహించండి.

ఈ పని చేసే బృందంలో సగం మంది స్టుట్‌గార్ట్‌లో, సగం మంది హైదరాబాదులో ఉన్నారు. 1998లో హైదరాబాదులో హైటెక్ సిటీ తెరిచినప్పుడు అక్కడి పిల్లలు అమెరికా వైపే చూసేవారు. 2000 ఆగస్టులో జర్మనీ ప్రభుత్వం కంప్యూటరు నిపుణులకు గ్రీన్ కార్డు అనే అనుమతి పెట్టింది, 2012లో బ్లూ కార్డు వచ్చింది. అప్పటినుండి మనవాళ్ళు జర్మనీ దారి కూడా పట్టారు. ఉదయం పూట పిల్లవాడి గదిలోనుండి గుంటూరు తెలుగు, కరీంనగర్ తెలుగు వినబడుతుంటే వంటింట్లో మేము చెవులు రిక్కించి నిలబడిపోయేవాళ్ళము. మా అమ్మ నోట విన్న మాటలు, మళ్ళీ ఇన్నేళ్ళకు, ఒక కంప్యూటరులోనుండి!

ఒకరోజు పిల్లవాడు మా దగ్గరికి వచ్చి, "పెద్దమ్మా, ఒక గంట కూర్చుంటారా? మాకు అరవై దాటినవాళ్ళు కావాలి" అన్నాడు. వెబ్‌సైటు తెరవకముందు మామూలు మనుషులను కూర్చోబెట్టి, వాళ్ళు ఎక్కడ తడబడతారో చూస్తారట. అదొక పరీక్ష. ఏళ్ళ తరబడి పిల్లలకు పరీక్షలు పెట్టినవాళ్ళము, మాకే పరీక్ష అంటే సరదా వేసింది. తెర మీద ఇంగ్లీషు ప్రతి పెట్టారు. హైదరాబాదు వాళ్ళు కూడా తెరలోనుండి చూస్తున్నారు. "టీచరుగారూ, మీకు తోచినది పైకి అంటూ చేయండి, మొగమాటం వద్దు" అని ఒక అమ్మాయి తెలుగులో చెప్పింది.

మేము నీలం రంగు కారు ఎంచుకున్నాము. చక్రాలు మామూలువే చాలునన్నాము. మా వారు పక్కనుండి పెద్ద దీపాలు కావాలన్నారు, సరేనన్నాము. పైన పెద్ద అక్షరాలతో ధర కనబడింది: నెలకు 399 యూరోలు. పరీక్ష కోసం వేసిన అంకె లెండి. 48 నెలలు. బాగుంది, పింఛనులో సర్దుకోవచ్చునని అనుకుని ముందుకు పోయాము. చివర ఆకుపచ్చ మీట వచ్చింది. అంతటితో ఆ అమ్మాయి ఆపి, "టీచరుగారూ, 48 నెలలు కట్టిన తరువాత కారు ఎవరిది?" అని అడిగింది.

"మాదే గదా తల్లీ!" అన్నాము.

ఎవరూ మాట్లాడలేదు. పిల్లవాడు కాగితం మీద ఏదో రాసుకున్నాడు. తరువాత మెల్లగా చెప్పాడు: "లేదు పెద్దమ్మా. అది లీజు. నాలుగేళ్ళ తరువాత కారు వెనక్కి ఇచ్చివేయాలి." ఆ మాట వెబ్‌సైటులో లేకపోలేదు. ఉన్నది. రెండవ పేజీలో, కింద, బూడిద రంగులో, చీమలంత అక్షరాలతో. మేము కాగితం తీసుకుని లెక్క వేశాము. 48 పెట్టి 399ని హెచ్చిస్తే 19,152. మొదట కట్టవలసిన 4,000 కలిపితే 23,152 యూరోలు. అంతా కట్టి, చివరకు తాళం చేతులు వెనక్కు ఇచ్చి, ఇంటికి నడిచి రావాలి. లీజు తప్పని మేము అనడం లేదు. వ్యాపారస్తులకు, ఎక్కువ తిరిగేవారికి అది లాభమే కావచ్చు. కాని ఏమి ఒప్పుకుంటున్నారో తెలిసి ఒప్పుకోవాలి.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చెబుతాము.

మా తాతగారు 1904లో మద్రాసులో ఓడ ఎక్కి నేటాలుకు వచ్చారు. మీలో చాలామంది తాత ముత్తాతల కథ కూడా ఇంతే. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ వచ్చిన నాటినుండి 1911 దాకా 1,52,184 మంది గిరిమిట్టు కాగితం మీద ఇక్కడికి వచ్చారు. అయిదేళ్ళ ఒప్పందం. మొదటి ఏడు నెలకు 10 షిల్లింగులు, ఏటేటా ఒక షిల్లింగు పెంపు. చదువు రాని తాతగారు ఆ కాగితం మీద వేలిముద్ర వేశారు. మా నాన్నగారు చెప్పేవారు, "అయిదేళ్ళు" అన్న మాట ఒక్కటే తాతగారికి గుర్తుండేదని. అయిదేళ్ళ తరువాత ఏమి అన్నది ఆయన అడగలేదు. అయిదేళ్ళు నిండినాక తెలిసింది. ఇక్కడ స్వేచ్ఛగా ఉండాలంటే ఏటా 3 పౌండ్లు పన్ను కట్టాలని, లేకపోతే మళ్ళీ గిరిమిట్టుకు పోవాలని, లేదా ఓడ ఎక్కి తిరిగి పోవాలని. నెలకు 14 షిల్లింగులు తెచ్చుకున్న మనిషికి 3 పౌండ్లంటే నాలుగు నెలల జీతానికి పైమాట. 1895లో చేసిన ఆ చట్టం, 1913 సమ్మె జరిగి, ఎందరో చెరసాలకు పోయి, ప్రాణాలు పోయిన తరువాత 1914లో గాని రద్దు కాలేదు. తాతగారు మళ్ళీ గిరిమిట్టు రాశారు. అదే చెరకు తోట, అదే వేలు.

కారు లీజుకు, గిరిమిట్టుకు పోలిక పెట్టడం సరి కాదని మాకూ తెలుసు. కారు వెనక్కి ఇచ్చినవాడు చెరసాలకు పోడు. కాని ప్రశ్న మాత్రం ఒకటే: "చివరకు ఏమి మిగులుతుంది?" ఆ ప్రశ్నకు జవాబు పెద్ద అక్షరాలతో, పై వరుసలో ఉండాలి.

మర్నాడు ఉదయం మేము ఆ మాట పిల్లవాడికి చెప్పాము. వాడు హైదరాబాదు వాళ్ళతో మాట్లాడుతున్నప్పుడు మమ్మల్ని కూడా కూర్చోబెట్టాడు. మా సాయంకాలపు తరగతి తెలుగులోనే తాతగారి వేలిముద్ర సంగతి చెప్పాము. ఆ కుర్రవాళ్ళు గిరిమిట్టు మాట ఎన్నడూ వినలేదు. ఒక అబ్బాయి, శ్రీకాకుళం జిల్లావాడు, "అమ్మా, మా ముత్తాత తమ్ముడు ఓడెక్కి పోయాడని మా ఇంట్లో అంటారు, ఎక్కడికి పోయాడో ఎవరికీ తెలియదు" అన్నాడు. కొంతసేపు ఎవరమూ కార్ల సంగతి మాట్లాడలేకపోయాము.

అప్పుడే పిల్లవాడు జర్మనీ చట్టం ఒకటి చెప్పాడు. 2012 ఆగస్టు 1 నుండి అక్కడ ఇంటర్‌నెట్ అంగడిలో చివరి మీట మీద "ట్సాలుంగ్స్‌ఫ్లిష్టిగ్ బెష్టెలెన్" అని ఉండాలి, లేదా అంతే స్పష్టమైన మాట ఉండాలి. అర్థం, "డబ్బు చెల్లించే బాధ్యతతో ఆర్డరు చేస్తున్నాను" అని. ఆ మాట లేకపోతే కొనుగోలుదారు కట్టుబడడు. ఎందుకు వచ్చింది ఈ చట్టం? వంటల పాఠాలనీ, జాతకాలనీ ఉచితమన్నట్లు చూపించి, మీట నొక్కగానే నెలనెలా బిల్లు పంపే మోసగాళ్ళు బయలుదేరారు. ఎందరో అమాయకులు చిక్కుకున్నారు. మీట మీది మాటే లెక్క అని 2022 ఏప్రిల్ 7న లక్సెంబర్గులోని యూరపు న్యాయస్థానం కూడా చెప్పింది. ఒక హోటలు గదుల కేసులో మీట మీద "బుకింగ్ పూర్తి చేయి" అని మాత్రమే ఉన్నది. మీట చుట్టూ ఏమి రాసినా చూడనక్కరలేదు, మీట మీద రాసిన మాటతోనే డబ్బు కట్టాలని తెలియాలి అన్నది తీర్పు.

అక్షరం మీద ఇంత పట్టింపు పెట్టిన చట్టం విని ఒక ఉపాధ్యాయురాలికి ఎంత సంతోషం కలిగిందో వేరే చెప్పాలా? ఇంకా ఉన్నవి. అదనపు సరుకుకు ముందే టిక్కు పెట్టి ఉంచితే దానికి డబ్బు అడగకూడదు. దూరం నుండి కొన్న సరుకును 14 రోజులలో కారణం చెప్పకుండా వద్దనవచ్చు. ఆ హక్కు ఉన్నదని చెప్పకపోతే గడువు ఇంకా 12 నెలలు పెరుగుతుంది. కాని కొనేవాని కోరిక ప్రకారం ప్రత్యేకంగా చేయించిన సరుకుకు ఆ హక్కు ఉండదు. కారు విషయంలో ఇక్కడే వాదం వస్తుంది, కనుక కొనేముందే అడిగి తెలుసుకోవాలి. 2025 జూన్ 28 నుండి ఇటువంటి అంగళ్ళు చూపు లేనివారికి, చేతులు వణికేవారికి కూడా పనికివచ్చేటట్లు ఉండాలని మరొక చట్టం వచ్చింది.

ఇంతకూ లీజు సంగతి ఏమైంది? "48 నెలల తరువాత కారు తిరిగి ఇవ్వాలి" అన్న ఒక్క వరుసను ధర పక్కనే పెట్టాలని పిల్లలు పట్టుబట్టారు. అమ్మకాల విభాగంవారు ఒప్పుకోలేదు. ఆ మాట చూస్తే కొనేవాళ్ళు వెళ్ళిపోతారన్నారు. మాలాగే పొరబడినవారు పరీక్షలో మరికొందరు ఉన్నారని కాగితాలు చూపించిన తరువాత గాని దిగిరాలేదు. చివరకు ఆ వరుస పై పేజీలోకి వచ్చింది. మేము కోరినంత పెద్ద అక్షరాలు కావు. అయినా చీమలంత కాదు, చదవవచ్చు. మేము వచ్చే ముందు రోజు పిల్లవాడు తెర చూపించి, "పెద్దమ్మా, ఇది తాతగారి వరుస" అన్నాడు.

ఇక ఇందాక ఆపిన మాటకు వస్తాము. ముఖం చూడని వెబ్‌సైటు ఏమి చూస్తుంది? అప్పు మీద కొనేవారి పరపతి చూస్తుంది. జర్మనీలో షూఫా అనే సంస్థ ఉన్నది. 1927లో బెర్లిన్‌లో, విద్యుత్ సామాను వాయిదాల మీద కొనేవారి లెక్క కోసం మొదలైనది. ఇప్పుడు అది మనిషికి ఒక అంకె ఇస్తుంది. ఆ అంకె మంచిదైతే అప్పు, లేకపోతే లేదు. మనకు చిరునామా అంటే ఏమిటో తెలుసు. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టంతో ఇల్లు విడిచి చాట్స్‌వర్త్‌కు వచ్చిన కుటుంబాలు ఈ సభలో ఎన్ని లేవు? చిరునామా చెబితే చాలు, మనిషిని కొలిచేసేవారు. జర్మనీ చట్టం కేవలం చిరునామా చూసి అటువంటి అంకె వేయకూడదంటుంది. 2023 డిసెంబరు 7న యూరపు న్యాయస్థానం మరొక అడుగు వేసింది. బ్యాంకు ఆ అంకెనే ప్రధానంగా నమ్మి కాదంటే, ఆ అంకె వేయడమే యంత్రం చేసిన తీర్పు అవుతుంది, యంత్రం ఒక్కటే మనిషి మీద తీర్పు చెప్పరాదు అన్న నియమం దానికి వర్తిస్తుంది అన్నది. అంటే కొనేవాడు "ఒక మనిషి నా సంగతి చూడాలి" అని అడగవచ్చును.

కింది అంతస్తు పెద్దాయనకు మేము ఇవ్వలేకపోయిన జవాబు బహుశా ఇదే. నడిమి మనిషి ముఖం చూసి ధర చెప్పడం పోవాలి. కాని ముఖం చూసి, "అమ్మా, ఇది నీకు తగదు" అని చెప్పే మనిషి పోకూడదు. ఆయన స్థానంలో ఇప్పుడు మా పిల్లవాడు ఉన్నాడు. వాడికి కొనేవాడి ముఖం కనబడదు. అందుకని వాడు రాసే ప్రతి వరుసలోను ఆ ముఖాన్ని ఊహించుకోవాలి. చీమలంత అక్షరాలు చదవలేని ముఖం, భాష సరిగా రాని ముఖం, వేలిముద్ర వేసే ముఖం.

ఈ సభలో ఉన్న పిల్లలారా, మీలో కొందరు రేపు ఇటువంటి పనులే చేస్తారు. కొందరు మీట నొక్కేవైపు ఉంటారు, కొందరు మీట తయారుచేసేవైపు ఉంటారు. నొక్కేవైపు ఉన్నవారు మూడు ప్రశ్నలు అడగండి: మొత్తం ఎంత? చివరకు ఎవరిది? వద్దంటే ఏమవుతుంది? తయారుచేసేవైపు ఉన్నవారు ఆ మూడు ప్రశ్నలకు జవాబు పై వరుసలో రాయండి.

పెద్దలకు ఒక మనవి. మీ ఇళ్ళలో పెట్టె అడుగున ఉన్న తాత ముత్తాతల కాగితాలు, ఓడ పేరు, నంబరు ఉన్న కాగితాలు, బయటికి తీయండి. వచ్చే నెలనుండి సాయంకాలపు తరగతిలో పిల్లలచేత వాటిని చదివించాలని అనుకుంటున్నాము. ప్రతి పిల్లవాడు, ప్రతి పిల్ల, ఆ వేలిముద్ర పక్కన కాకపోయినా వేరే కాగితం మీద, ముత్తాత పేరు తెలుగులో రాయాలి. ఆయన రాయలేని సంతకం మనము రాద్దాము. శ్రీకాకుళం అబ్బాయికి మేము మాట ఇచ్చి వచ్చాము, వాళ్ళ ఇంటిపేరు మన జాబితాలలో వెతుకుతామని. ఆ ఇంటిపేరు బయట బల్ల మీద ఉంచిన పుస్తకంలో రాసి పెట్టాము. మీలో ఎవరికైనా తెలిసినది అయితే ఈ రాత్రి ఇంటికి పోయేముందు మాకు చెప్పండి.

 భోజనాల వేళ అయినది. సెలవు.